పిల్లాడు నేరం చేస్తే అమెరికాలో తల్లిదండ్రుల్ని జైల్లో పెడతారా?

ప్రశ్న: అన్నయ్యగారూ, మేము హైదరాబాద్ నుంచి టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ వచ్చి ఏడాదిన్నర అయింది. నేనూ మా బాబూ హెచ్4 (ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ళ భార్యాపిల్లలకిచ్చే వీసా) మీద ఉన్నాం. వాడికి 14 నిండాయి. వాడి క్లాసులో ఒకబ్బాయి ఫోన్లో ఏదో బెదిరింపు మెసేజ్ పెట్టాడని పోలీసులు తీసుకెళ్ళారట. అప్పట్నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. పిల్లలు నేరం చేస్తే ఇక్కడ తల్లిదండ్రుల్ని కూడా జైల్లో పెడతారంటున్నారు. నిజమేనా? మా వీసా సంగతి ఏమవుతుంది?

జవాబు: అమ్మా, కొడుకు నేరం చేశాడని ఆ ఒక్క కారణంతో తల్లిని జైల్లో పెట్టడం ఇక్కడ లేదు. తల్లిదండ్రులు జైలుకు వెళ్ళిన కేసులు మాత్రం ఉన్నాయి. వాళ్ళు వెళ్ళింది తాము చేసిన పనికి, చెయ్యాల్సి ఉండీ చెయ్యకుండా వదిలేసిన పనికి. ఈ తేడా తెలిస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. మిగతా సగం ఉండడమే మంచిది.

మన దగ్గర పిల్లాడు దారి తప్పితే ముందు వినపడే మాట "ఏం పెంచారో!" అని. ఇక్కడ కోర్టు పెంపకం గురించి తీర్పు చెప్పదు. మీకేం తెలుసు, తెలిశాక ఏం చేశారు అని చూస్తుంది.

మీరు విన్నది బహుశా మిషిగన్ కేసు గురించే. 2021 నవంబర్ 30న ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 15 ఏళ్ళ పిల్లాడు కాల్పులు జరిపి నలుగురు విద్యార్థుల ప్రాణాలు తీశాడు. మరో ఏడుగురు గాయపడ్డారు. ఆ తుపాకీ నాలుగు రోజుల ముందు తండ్రి కొన్నదే, కొడుకుని వెంట తీసుకెళ్ళి మరీ. కాల్పుల ముందు రోజు వాడు క్లాసులో ఫోన్లో తూటాల కోసం వెతుకుతుంటే టీచర్ చూసింది, స్కూలు నుంచి తల్లికి కబురు వెళ్ళింది. తల్లి నవ్వేసి, నాకేం కోపం లేదు, దొరక్కుండా ఉండడం నేర్చుకోవాలి అని కొడుక్కి మెసేజ్ పెట్టింది. మర్నాడు పొద్దున వాడు కాగితం మీద తుపాకీ బొమ్మ గీసి, ఆలోచనలు ఆగడం లేదు, సాయం చెయ్యండి అని రాసుకున్నాడు. స్కూలు వాళ్ళు తల్లిదండ్రులిద్దర్నీ పిలిపించి ఆ కాగితం చూపించారు. ఆ తల్లిదండ్రులు పిల్లాణ్ణి ఇంటికి తీసుకెళ్ళలేదు, తుపాకీ ఉన్న సంగతి చెప్పలేదు, బ్యాగు తెరిచి చూడలేదు. రెండు మూడు గంటల్లో అంతా అయిపోయింది. 2024లో తల్లి జెన్నిఫర్ క్రంబ్లీని, తండ్రి జేమ్స్‌ని వేర్వేరు జ్యూరీలు దోషులన్నాయి. ఒక్కొక్కరికి 10 నుంచి 15 ఏళ్ళ శిక్ష. బిడ్డ స్కూల్లో జరిపిన సామూహిక కాల్పులకు ఈ దేశంలో తల్లిదండ్రులకు శిక్ష పడడం అదే మొదలు.

ఆ తీర్పు న్యాయమేనని నా నమ్మకం. ఆ కాగితం మీద "సాయం చెయ్యండి" అని ఉంది. కన్నవాళ్ళు అది చదివి ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. అయితే రెండు షిఫ్టులు చేసుకునే ఒంటరి తల్లి మీద, కొడుకు మనసులో ఏముందో నిజంగా తెలియని తల్లి మీద ఇలాంటి కేసు పెడితే మాత్రం ఒప్పుకోలేను.

మన ఇళ్ళల్లో తుపాకులెక్కడివి అంటారేమో. ఇప్పుడు మనవాళ్ళూ కొందరు కొంటున్నారు. మీ ఇంట్లో ఉంటే లాకర్‌లో పెట్టి తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. టెక్సాస్‌లో తూటాలున్న తుపాకీ పిల్లలకు అందేలా వదిలేసి, అది వాళ్ళ చేతికి చిక్కితే పెద్దవాళ్ళ మీదే నేరం. మీ బాబు ఎవరింటికి స్లీపోవర్‌కి (రాత్రి అక్కడే పడుకోవడానికి) వెళ్తున్నా, "మీ ఇంట్లో గన్ ఉందా, లాక్ చేసి ఉందా?" అని అడగండి. ఇక్కడ ఎవరూ తప్పుగా అనుకోరు.

కారు సంగతి కూడా అంతే. లైసెన్స్ లేని పిల్లాడికి తాళాలిస్తే ఆ బాధ్యత మీ మెడకే చుట్టుకుంటుంది. అమెరికా చట్టాలే కఠినం అనుకోకండి. మన దేశంలో 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే గార్డియన్‌కి లేదా బండి యజమానికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. నాకు తెలియకుండా జరిగిందనో, నా జాగ్రత్తలో నేనున్నాననో గార్డియనే రుజువు చేసుకోవాలి.

మన ఇళ్ళల్లో ఎక్కువగా ప్రమాదం వచ్చేది ఫోన్‌తో. కొన్నేళ్ళ క్రితం మాకు తెలిసిన ఒకావిడ రాత్రి పదింటికి ఏడుస్తూ ఫోన్ చేసింది. వెళ్ళేసరికి వంటింట్లో లైటు వెలుగుతోంది, గ్రైండర్‌లో దోసెల పిండి సగంలో ఆగిపోయి ఉంది. కొడుకు గ్రూప్ చాట్‌లో "రేపు ఎవరూ స్కూలుకి రావద్దు, కాల్చేస్తా" అని పెట్టాడు. తమాషాకే. అవతలి పిల్లల్లో ఒకరి అమ్మ స్కూలుకు చెప్పింది. పోలీసులు వస్తున్నామని ఫోన్ చేశారు. ఈవిడ చేతిలో కొడుకు ఫోన్. బొటనవేలు ఆ మెసేజ్ మీదే ఉంది, డిలీట్ నొక్కడానికి. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

ఆ ఒక్క నొక్కుతో ఆవిడ తల్లి స్థానం నుంచి ముద్దాయి స్థానానికి వెళ్ళిపోయేది. సాక్ష్యం చెరపడం వేరే నేరం. ఫోన్‌ని ముట్టుకోకుండా టేబుల్ మీద పెట్టించి, లాయర్‌కి ఫోన్ చేయించాను. ఇంకో సంగతి కూడా ఆ రాత్రే తెలుసుకున్నాను. మొగుడూ పెళ్ళాల మధ్య మాటలకు ఇక్కడ చట్టం రక్షణ ఇస్తుంది కానీ, బిడ్డ తల్లితో చెప్పుకున్న మాటలకు చాలా రాష్ట్రాల్లో ఆ రక్షణ లేదు. రేపు కోర్టు మిమ్మల్నే సాక్షిగా పిలవొచ్చు. అందుకే ముందు లాయర్, తర్వాతే "ఏం చేశావురా" అన్న ప్రశ్న.

డబ్బు విషయం. టెక్సాస్‌లో 10 ఏళ్ళు నిండి 18 నిండని పిల్లలు కావాలని ఇంకొకరి ఆస్తి పాడుచేస్తే, తల్లిదండ్రుల నుంచి 25,000 డాలర్ల దాకా వసూలు చెయ్యొచ్చు. లాయర్ ఖర్చులు అదనం. ఇలా కావాలని చేసిన పనులకు ఇంటి ఇన్సూరెన్స్ సాధారణంగా డబ్బు ఇవ్వదు.

వీసా సంగతి. జువెనైల్ (మైనర్ల) కోర్టులో తేలిన కేసును ఇమిగ్రేషన్ చట్టం మామూలుగా క్రిమినల్ శిక్ష కింద లెక్కెయ్యదు. అలాగని ఫారాల్లో అరెస్టు గురించి అడిగినచోట దాచకండి. క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా అడిగాకే దేనికైనా ఒప్పుకోండి. ఒకటి గుర్తుపెట్టుకోండి, టెక్సాస్‌లో క్రిమినల్ కేసుకి 17 ఏళ్ళవాడు పెద్దవాడే. హైస్కూలు పూర్తికాకముందే ఆ వయసు వచ్చేస్తుంది.

ఈ వారం మీ బాబుని పక్కన కూర్చోబెట్టుకుని, వాడి క్లాస్‌మేట్‌కి ఏం జరిగిందో వాడి నోటితోనే చెప్పనివ్వండి. మధ్యలో తిట్టకండి. తర్వాత రెండు మాటలు ఇంగ్లీషులో నేర్పండి. ఎందుకంటే పోలీసులు చాలాచోట్ల తల్లిదండ్రులు పక్కన లేకుండానే పిల్లల్ని ప్రశ్నించగలరు, మన పిల్లలేమో పెద్దవాళ్ళడిగితే జవాబు చెప్పాలి అని పెరిగినవాళ్ళు. ఆ రెండు మాటలు ఇవి: "నాకు లాయర్ కావాలి", "మా అమ్మకి ఫోన్ చెయ్యండి". మర్యాదగా, గొంతు పెంచకుండా అనడం వాడితో రెండుసార్లు ప్రాక్టీస్ చేయించండి.