మత్తు ఇచ్చే ముందు అడగవలసిన ప్రశ్న

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి సుధకు పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే సోమవారం నుంచి విజయవాడ ఆసుపత్రిలో, పక్కన ప్రొఫెసర్లెవరూ లేకుండా, నీ అంతట నువ్వే మత్తు ఇవ్వబోతున్నావని మీ నాన్న రాత్రి ఫోనులో చెప్పాడు. ఆ మాట విన్నాక సంతోషంతో కొంతసేపు, దిగులుతో చాలాసేపు నిద్ర పట్టలేదు. ఎం.డి. చదివిన పిల్లకు నేను చెప్పేదేముందని అనుకుంటూనే తెల్లవారుజామున ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నీకు తెలిసినవి త్వరగా చెప్పి వదిలేస్తాను. మత్తు యంత్రాన్ని, నోట్లోని స్రావాలను లాగేసే సక్షన్‌ను, ఆక్సిజన్ సిలిండరును ప్రతి ఉదయం నువ్వే చూసుకో. టెక్నీషియన్ చూశానన్నా సరే, మళ్లీ చూడు. రోగి నోరు తెరిపించి గొంతు లోపల ఎంతవరకు కనిపిస్తోందో తెలిపే మల్లంపాటి తరగతి రాసుకో, కదిలే పళ్లు, కట్టుడు పళ్లు ఉన్నాయేమో అడుగు. మందు ఎక్కించే ముందు మూడు నిమిషాల పాటు నిండుగా ఆక్సిజన్ పీల్పించు. శ్వాసనాళంలోకి ట్యూబు వేయడం ఆలస్యమైనప్పుడు రోగిని కాపాడేది ఆ నిల్వే.

ట్యూబు వేయడానికి వీలుగా కండరాలను, వాటితోపాటు ఊపిరిని కాసేపు ఆపేసే స్కోలిన్ సంగతి మాత్రం కొంచెం నిదానంగా చదువు. మామూలుగా దాని ప్రభావం పది నిమిషాలలోపే తగ్గిపోతుంది. దానిని విచ్ఛిన్నం చేసే ఎంజైము పుట్టుకతోనే లోపించిన వారికి మాత్రం గంటల తరబడి ఊపిరి తిరిగి రాదు. మన ప్రాంతపు వైశ్య కుటుంబాల్లో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధనలు కూడా చెప్పాయి. అందుకే ఎవరినైనా సరే, "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తరువాత మెలకువ గాని ఊపిరి గాని ఆలస్యంగా వచ్చిందా?" అని తప్పక అడుగు.

ఇక నేను చేసిన తప్పు. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడాది, మిర్చి గోదాములో బస్తాలు మోసే ఒకాయన, బస్తాల వరుస మీద పడి భుజం ఎముక విరిగి వచ్చాడు. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ఆయన బల్ల మీద పడుకుని ఉండగా, చేతిలో మత్తుమందు థయోపెంటోన్ సిరంజి పట్టుకుని, "పొద్దున ఏమీ తినలేదు కదా?" అని అడిగాను. "లేదండి" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదమ్మా. మన ఊళ్లలో తినడమంటే అన్నం తినడం, జావ తాగేది. ఆపరేషన్‌కు ఒంట్లో సత్తువ ఉండాలని, ఐదింటికి ఆయన భార్య పెద్ద గ్లాసుడు రాగిజావ తాగించింది. నేను "కదా" అని అడిగినప్పుడే, ఏ జవాబు కావాలో ఆయనకు నేనే చెప్పినట్లయింది.

థయోపెంటోన్, స్కోలిన్ ఇచ్చి గొంతులోకి చూసే లారింగోస్కోపు లోపల పెట్టేసరికి, స్వరపేటిక కనిపించవలసిన చోట గోధుమరంగు జావ పైకి ఉబికి వచ్చింది. తల వాల్చి, పక్కకు తిప్పి, సక్షన్ పెట్టి, ట్యూబు వేసి లాగాను. ట్యూబులోంచి కూడా అదే వచ్చింది. మా థియేటరుకు అప్పటికింకా పల్స్ ఆక్సిమీటరు రాలేదు. ఆయన గోళ్లు నీలిరంగుకు తిరగడమే నేను చూసిన కొలత. ఆపరేషన్ ఆపేశాం. పదకొండు రోజులు మృత్యువుతో పోరాడి బతికాడు గాని, ఆ ఊపిరితిత్తులతో మళ్లీ బస్తా ఎత్తలేకపోయాడు. ఇంటికి వెళ్లే రోజున దంపతులిద్దరూ వచ్చి నాకు దండం పెడితే, వాళ్ల ముఖంలోకి చూడలేకపోయాను.

కడుపులోని ఆమ్లం ఊపిరితిత్తులను ఎలా కాల్చేస్తుందో మెండెల్సన్ అనే వైద్యుడు 1946లోనే రాశాడు. మన గుంటూరు మెడికల్ కాలేజీ పుట్టిందీ ఆ ఏడాదే. అంటే ఆ సంగతి తెలియక చేసిన తప్పు కాదది. దెబ్బ తగిలిన మనిషికి నొప్పి వల్లే కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుందన్నదీ చదివే ఉన్నాను. తెలిసీ, తొందరలో సరిగ్గా అడగలేదు.

కాబట్టి తల్లీ, "తిన్నావా" అని అడగకు. "రాత్రి ఆఖరున నోట్లో ఏం వేసుకున్నారు, ఎన్ని గంటలకు? పొద్దున లేచాక ఏం తాగారు?" అని అడిగి, చెప్పేదాకా ఆగు. పక్కనున్న తల్లినో భార్యనో విడిగా అడుగు. మంచినీళ్లకు రెండు గంటలు చాలు. పాలు, పాలు కలిపిన కాఫీ, మజ్జిగ, జావ తిండి కిందే లెక్క, ఆరు గంటలు ఆగవలసిందే. నూనె వంటకాలైతే ఎనిమిది. సర్జన్ గడియారం చూసుకుంటూ విసుక్కున్నా వాయిదా వేయించు. ఆగడానికి వీల్లేని అత్యవసరమైతే కడుపు నిండుగా ఉందనే అనుకుని, సక్షన్ గొట్టం దిండు కింద పెట్టుకుని, మాస్కుతో గాలి కొట్టకుండా వెంటనే ట్యూబు వెయ్యి. వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడును కొలిచే క్యాప్నోగ్రాఫ్ మీద అలలు వరుసగా వస్తేనే ట్యూబు సరైన చోట ఉన్నట్లు. ఛాతీ కదిలిందని నమ్మకు. ఆ పరికరమే లేని రోజుల్లో పనిచేసినవాణ్ని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కుట్లు పడగానే పని అయిపోయిందని అనుకుంటారు. మేలుకునే వేళలో కూడా వాంతి వస్తుంది. రోగి కళ్లు తెరిచి, నీ మాట విని, తల ఎత్తి ఐదు సెకన్లు నిలిపేదాకా ట్యూబు తీయకు, పేరు పెట్టి పిలుస్తూ పక్కనే ఉండు.

సోమవారం నీ మొదటి రోగి రికవరీ గదిలోంచి వార్డుకు చేరాకే నాకు ఫోను చెయ్యి, అంతకుముందు వద్దు. ఎంత ఆలస్యమైనా సరే, ఫోను దగ్గరే కూర్చుని ఉంటాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న