కొజుమెల్ వెళ్తున్న మేనకోడలికి: సముద్రానికి వీపు తిప్పి నడువు

చి. శ్రావణికి,

అత్తయ్య ఆశీస్సులు. నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. వెళ్ళేది సముద్రంలో డైవింగ్‌కి, దాని గురించి ఒక్క ముక్క అడగలేదు, తిండి గురించి పది ప్రశ్నలు వేశావు. నా మేనకోడలివే, అనుమానం లేదు.

హ్యూస్టన్ నుంచి నేను మెక్సికోలోని ఈ కొజుమెల్ దీవికి తొమ్మిదిసార్లు వెళ్ళాను. మొదటి రెండుసార్లూ ఓడలు ఆగేచోట బొమ్మల మెనూ చూసి, చల్లారిన చీజ్ పోసిన నాచోలు తిని, "మెక్సికో తిండి ఇంతేనా" అనుకుంటూ ఇల్లు చేరాను. నీకా గతి పట్టకూడదనే ఇంత రాస్తున్నాను.

ముందు ఊరి లెక్క చెబుతాను. దీవి జనంలో చాలామంది ఉండేది శాన్ మిగెల్ అనే ఊళ్ళోనే. తీరం వెంబడి వీధి అంతా క్రూయిజ్ ఓడలు దిగేవాళ్ళ కోసమే: వెండి నగలు, టెకీలా సీసాలు, ఇంగ్లిష్‌లో పిలిచే కుర్రాళ్ళు. దానికి సమాంతరంగా లోపలికి వెళ్ళేకొద్దీ అవెన్యూలకు ఐదేసి చొప్పున నంబర్లు పెరుగుతాయి: 5, 10, 15, 20, 25, 30. నువ్వు సముద్రానికి వీపు తిప్పి నడువు, అంతే. నంబర్ పెరిగేకొద్దీ మెనూలో ఇంగ్లిష్ తగ్గుతుంది, బిల్లూ తగ్గుతుంది. 25వ అవెన్యూ మీద మునిసిపల్ మార్కెట్ ఉంది. కూరగాయలు, చేపలు అమ్మేచోటే చిన్న చిన్న వంట కౌంటర్లు ఉంటాయి. స్టూల్ లాక్కుని కూర్చోవడమే.

ఎక్కడ తినాలో ఎవరిని అడగాలంటే, పడవ నడిపేవాళ్ళని, మీ డైవ్ గైడ్‌ని. కానీ "మంచి హోటల్ ఏది?" అని అడగకు. అలా అడిగితే మనలాంటివాళ్ళకు నచ్చుతుందనుకున్న చోటు చెబుతారు. "ఈరోజు పొద్దున నువ్వెక్కడ తిన్నావు?" అని అడుగు. "దోందే దేసాయునో ఓయ్?" చాలు. (ఓయ్ అంటే ఈరోజు అని. మొదటిసారి నేను ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగాను.) ఈ ప్రశ్నకు జవాబుగా ఎప్పుడూ బోర్డు కూడా సరిగ్గా లేని కొట్టు పేరే వస్తుంది.

అక్కడ ఒక్కో తిండికి ఒక్కో వేళ ఉంటుంది. కొచినీత పిబిల్ పొద్దుటిది. పంది మాంసానికి అచియోతే ముద్ద, పుల్ల నారింజ రసం పట్టించి, అరిటాకులో చుట్టి, పాత పద్ధతిలో అయితే నేలలో గొయ్యి తీసి అందులో మగ్గబెడతారు. అచియోతే అంటే మన జాఫ్రా గింజలే. మూత తీయగానే కాలిన అరిటాకు వాసన వస్తుంది చూడు, నాకు అమ్మమ్మ ఊళ్ళో పెళ్ళి వంటలు గుర్తొస్తాయి. మధ్యాహ్నానికల్లా గిన్నె ఖాళీ. అల్ పాస్తోర్ టాకోలు (నిలువు కమ్మీకి గుచ్చి కాల్చిన పంది మాంసం, చిన్న రొట్టెలో పెట్టి ఇస్తారు) మాత్రం చీకటి పడ్డాకే.

ఇప్పుడు నీ ఇబ్బంది చూడు. పొద్దున ఎనిమిది ప్రాంతంలో పడవ ఎక్కాలి, కొచినీత కూడా ఆ వేళదే. రెండూ కుదరవు. డైవ్‌కి ముందు జిడ్డుగా తింటే, తల కిందికి పెట్టి దిగేటప్పుడు తిన్నదంతా గొంతులోకి వస్తుంది. అరటిపండు, రెండు బ్రెడ్ ముక్కలు, నీళ్ళు. అంతకు మించి వద్దు. కొచినీతని ఆఖరి రోజుకి దాచుకో. వరసగా డైవ్‌లు చేసినవాళ్ళు విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలి కదా. నీళ్ళలోకి దిగలేని ఆ పూట పూర్తిగా కడుపుకి వదిలెయ్యి. పంది మాంసం వద్దనుకుంటే పనూచో తిను. టోర్టియా (అక్కడి మొక్కజొన్న రొట్టె) పొట్టలో నల్ల బీన్స్ కూరి, వేయించి, పైన టర్కీ కోడి పీచులు, ఊరబెట్టిన ఎర్ర ఉల్లిపాయ పెడతారు.

డైవ్ అయ్యి ఒడ్డుకొచ్చేసరికి ఒంటిగంట, ప్రాణం కడుపులోకి వచ్చేస్తుంది. అప్పుడు "కొసీనా ఎకొనోమికా" అని రాసున్న కొట్టు వెతుకు. మన మెస్ లాంటిదే: ఆ రోజు వండినవి రెండో మూడో ఉంటాయి, సూపు, అన్నం, బీన్స్, టోర్టియాలు కలిపి ఒకటే రేటు. సోపా దే లీమా దొరికితే వదలకు. ఉప్పునీళ్ళు తాగిన నోటికి ఆ నిమ్మ పులుపు కోడి రసం ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. తాగడానికి అగువా దే హమైకా అడుగు. ఎర్రగా, పుల్లగా ఉంటుంది. మన ఎర్ర గోంగూర కాయల మీద రేకులే అవి, ఎండబెట్టి నానబెడతారు. ఆకు పచ్చడి చేసుకున్న మనం ఆ ఎర్ర రేకుల్ని ఎందుకు పట్టించుకోలేదో!

అల్లుడు శాకాహారి కాబట్టి అతనికే కాస్త టెన్షన్. బీన్స్‌లో తరచుగా పందికొవ్వు వేస్తారు. "తియేనె మంతేకా?" అని అడగాలి. అన్నం కూడా కోడి రసంలో వండి ఉండొచ్చు. సికిల్ పాక్ చెప్పించు: వేయించిన గుమ్మడి గింజల పొడి, కాల్చిన టమాటా కలిపి నూరిన పచ్చడి. అది తిన్నాక అతను ఇంకేమీ అడగడు. సాయంత్రం కాల్చిన మొక్కజొన్న పొత్తులు ఉంటాయి, మయొనైజ్ మాత్రం వద్దనాలి. నీకు గొడ్డుమాంసం పడదు కనుక "సిన్ రెస్" అన్న రెండు మాటలు బట్టీ పట్టు.

చేపల్లో పెస్ లియోన్ ఎక్కడైనా కనబడితే తప్పక తిను. అదే లయన్‌ఫిష్. కరీబియన్‌కి బయటినుంచి వచ్చిన చేప. అక్కడ దాన్ని అదుపు చేసే శత్రువు పెద్దగా లేక, రీఫ్ (పగడపు దిబ్బ) మీది చిన్న చేపల్ని మింగేస్తోంది. విషం ముళ్ళలోనే, మాంసంలో కాదు. పొద్దున పలంకార్ రీఫ్ దగ్గర డైవ్‌లో చూసినదాన్ని మధ్యాహ్నం టాకోలో తినడం నాకైతే న్యాయంగానే అనిపిస్తుంది. లాబ్‌స్టర్ సంగతి వేరు. మార్చి 1 నుంచి జూన్ 30 దాకా వేట నిషేధం. మీరు వెళ్ళేది మేలో, "ఇవాళే పట్టాం" అంటే నమ్మకు.

కారం విషయంలో ఆంధ్రావాళ్ళమన్న పొగరు కాస్త తగ్గించుకో. హబనేరో మన పచ్చిమిరపకాయ కాదు. దాంతో చేసే ష్నిపెక్ అన్న సల్సా (పచ్చడి) పేరుకి అక్కడి మాయా ప్రజల భాషలో కుక్క ముక్కు అని అర్థం. తింటే ముక్కు అలా తడిసిపోతుందని. నేనొకసారి పొద్దున్నే, పైన నీకు వద్దన్న పనే చేశాను, చేత్తో ష్నిపెక్ అద్దుకుని మూడు టాకోలు తిని పడవెక్కాను. మాస్క్‌కి ఆవిరి పట్టకుండా ఉమ్మేసి వేలితో రుద్దుతాం కదా, అదే వేలు. నీళ్ళలోకి దూకాక రెండు కళ్ళూ నిప్పుల్లా మండాయి. మాస్క్‌లోకి నీళ్ళు వదిలి, ఊది, మళ్ళీ వదిలి, మళ్ళీ ఊది, అరగంట ఏం చూశానో నాకే తెలీదు. మిగతావాళ్ళు తాబేలు చూశామన్నారు.

కార్డు మీద ఆధారపడకు, చిల్లర పెసోలు ఉంచుకో. టాక్సీ ఎక్కేముందే రేటు అడుగు. లేచి వచ్చేటప్పుడు పక్క బల్లవాళ్ళకు "ప్రోవెచో" (హాయిగా తినండి అని) అను, అక్కడ అది మర్యాద. కుళాయి నీళ్ళు తాగొద్దు. విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గితే, ఆ రోజు డైవ్ మానుకోవడమే.

ఆదివారం రాత్రి ఫెర్రీ ఆగే రేవు ఎదుటి చౌక్‌లో ఊరంతా చేరుతుంది, పాటలు, పిల్లలు. అక్కడ బండి మీద మార్కెసీతలు చేస్తారు. పల్చటి తీపి పిండిని ఇనప పెనాల మధ్య కరకరలాడేదాకా కాల్చి, ఎడమ్ చీజ్ తురిమి, గొట్టంలా చుట్టి ఇస్తారు. తీపిలో చీజ్ ఏమిటని ముఖం చిట్లించకు. చేరాక ఫోన్ చెయ్యి కానీ ఆ వేళకి మాత్రం చెయ్యకు, అది నములుతూ నువ్వు మాట్లాడితే నాకొక్క ముక్క అర్థం కాదు.

మీ అత్తయ్య