నోట్లో పట్టేదంతా మేతే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇంటి అక్వేరియంలో పెంచే మీసాల చేపల (క్యాట్‌ఫిష్‌ల) గురించే, అదీ చెంబంత నోరున్న వాటి గురించే. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాను. మొదటిదానికి జవాబు పెద్దదైపోయింది, కానీ మిగతా వాటిలో సగం సందేహాలు అందులోనే తీరిపోతాయి.

ప్రశ్న: ఎనిమిది నెలల కిందట వేలెడంత రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ పిల్లను తెచ్చాను. నల్లటి వీపు, పక్కన తెల్లటి పట్టీ, ఎర్ర తోక, చూడగానే నచ్చేసింది. "ట్యాంకును బట్టే పెరుగుతుంది, మీ నాలుగడుగుల ట్యాంకు జీవితాంతం చాలు" అన్నాడు అమ్మినతను. ఇప్పుడు అద్దానికి స్కేలు ఆనించి చూస్తే 38 సెంటీమీటర్లు. వెనక్కి తిరగాలంటే ఒళ్ళంతా వంచుకోవాల్సి వస్తోంది. ట్యాంకులో ఉన్న రెండు ఏంజెల్ చేపలు, ఒక గౌరామీ ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. ఇంకా పెద్ద ట్యాంకు కొనమంటారా? పిల్లలు దానికి పేరు కూడా పెట్టేశారు, ఇచ్చేయాలంటే మనసు రావడం లేదు.

జవాబు: మాయం కాలేదండీ, కడుపులోకి వెళ్ళాయి. రెడ్‌టెయిల్ కొరికి తినదు, నమిలి తినదు. నోరు ఒక్కసారిగా తెరుస్తుంది, ఆ ఖాళీలోకి నీళ్ళు దూసుకెళ్తాయి, నీళ్ళతో పాటు ఎదురుగా ఉన్నది కూడా వెళ్ళిపోతుంది. కనురెప్ప వేసేలోపు పని అయిపోతుంది, తర్వాత మొప్పల్లోంచి రెండు మూడు గులకరాళ్ళు బయటికి రాలడం ఒక్కటే మనకు కనిపించేది. రాత్రి లైటు ఆర్పాక జరుగుతుంది కాబట్టి పొద్దున లెక్క చూసుకుంటే ఒకటి తక్కువ ఉంటుంది.

ట్యాంకును బట్టి పెరుగుతుందన్న మాట ఎవరు పుట్టించారో గానీ దానివల్ల చచ్చిన చేపలకు లెక్కలేదు. చేపకు ట్యాంకు కొలతలు తెలియవు. ఇరుకు ట్యాంకులో ఎదుగుదల తగ్గడం నిజమే, కానీ అది సర్దుకుపోవడం కాదు. నీళ్ళలో మలినాలు పేరుకుని, కదలడానికి చోటు లేక, వెన్ను వంగి, లోపలి అవయవాలు పాడై ఆగిపోవడం. 15 ఏళ్ళకు పైగా బతకాల్సింది రెండు మూడేళ్ళకే పోతే "ఆయుష్షు అంతే" అనుకుంటాం.

ఇది దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో, ఎసెకీబో నదుల చేప. అక్కడ చేపలు, పీతలు, నీళ్ళలో రాలిన పండ్లు కూడా తింటుంది. ఇంట్లో బాగా చూసుకుంటే మీటరు దాటుతుంది. 2010లో బ్రెజిల్‌లో గాలానికి పడిన రికార్డు చేప 56 కిలోలు తూగింది. మీ ఇంట్లో అంత కాకపోవచ్చు, అందులో సగమైనా ఎక్కడ పెడతారు?

ఇక పెద్ద ట్యాంకు సంగతి. మీ నాలుగడుగుల ట్యాంకు 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు అనుకుంటే నిండా పోసినా 243 లీటర్లు. ఆరడుగులది కొంటే ఇంకో ఏడాది నెట్టుకొస్తారు, అంతే. మీటరు చేప హాయిగా మలుపు తిరగాలంటే పొడవు కన్నా వెడల్పు ముఖ్యం. నా ఉద్దేశంలో 4 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, మీటరు లోతు ఉంటేనే దాన్ని చేప ఇల్లు అనాలి. అంటే 8,000 లీటర్లు, 8 టన్నుల నీళ్ళు. చదరపు మీటరుకు ఒక టన్ను పడుతుంది, మేడ మీద గదిలో ఇంజినీరును అడగకుండా ఊహించనే కూడదు. వారానికి మూడో వంతు నీళ్ళు మార్చినా రెండున్నర వేల లీటర్ల పైమాటే, అవీ వెచ్చగా, క్లోరిన్ పోగొట్టి పోయాలి. ఇదంతా చేయగలిగినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళు అద్దాల ట్యాంకు మానేసి ఇంట్లోనే కుంట కట్టిస్తారు.

నేనూ ఒకప్పుడు మీలాగే తెచ్చాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. నాది 40 సెంటీమీటర్లు ఉన్నప్పుడు హీటరును అద్దానికి పట్టి ఉంచే రబ్బరు కప్పును మింగింది. రెండు రోజులు మూల పడుకుంది, తిండి ముట్టలేదు. మూడో రోజు పొద్దున ట్యాంకు అడుగున ఆ కప్పు నల్లగా, జిగటగా కనిపించింది. కక్కేసింది. అదృష్టం. ఆ వారంలోనే పెద్ద కుంట ఉన్న ఒకాయనకు ఇచ్చేశాను, ట్యాంకు ఖాళీగా చూసినప్పుడల్లా కొన్నాళ్ళు బాధేసింది, ఆ మాట దాచను.

కాబట్టి నా సలహా, దీన్ని ఇచ్చేయడానికి ఇప్పుడే వెతకడం మొదలుపెట్టండి, 38 సెంటీమీటర్ల చేపను తీసుకునేవాళ్ళు దొరుకుతారు, 80 సెంటీమీటర్ల చేపకు దొరకరు. పెద్ద ప్రజా అక్వేరియాలను అడగొచ్చు గానీ వాళ్ళ దగ్గర ఇలా వచ్చిన రెడ్‌టెయిల్స్ ఇప్పటికే ఉంటాయి కాబట్టి వద్దంటే ఆశ్చర్యపోకండి. చెరువులోనో కాలువలోనో వదిలేసే ఆలోచన మాత్రం రానివ్వకండి. అది చావొచ్చు, చావకపోతే అక్కడున్న చేపల పని పడుతుంది, రెండూ తప్పే.

చోటు దొరికేదాకా కొన్ని జాగ్రత్తలు. అడుగున గులకరాళ్ళు తీసేయండి, వట్టి గాజు అడుగైనా దానికి ఇబ్బంది లేదు. హీటరుకు తొడుగు వేయండి, లేదా ట్యాంకు నీళ్ళు వెళ్ళి శుభ్రమై తిరిగొచ్చే బయటి తొట్టి (సంప్) ఉంటే అందులో పెట్టండి. మూత మీద బరువు పెట్టండి. బెదిరితే మూతను గుద్ది పడేసేంత బలం దానికి ఇప్పటికే ఉంది. వారానికి రెండుసార్లు నీళ్ళు మార్చండి. తీసుకెళ్ళే రోజున వలతో పట్టకండి. పక్క రెక్కల్లో గట్టి ముళ్ళుంటాయి, భయపడితే వాటిని బిగించేస్తుంది, వల దారాలు చిక్కుకుంటే విడదీయడం నరకం, చేపకు గాయం, మీ చేతికీ గాయం. మూతున్న పెద్ద టబ్బును నీళ్ళలో ముంచి, మెల్లగా దాన్ని అందులోకి తోలి, నీళ్ళతో సహా ఎత్తండి. ఇద్దరు మనుషులు కావాలి. తీసుకెళ్ళే ముందు రెండు రోజులు తిండి పెట్టకండి, లేకపోతే దారిలో కక్కి ఆ నీళ్ళలోనే ఉక్కిరిబిక్కిరవుతుంది.

ప్రశ్న: మా టైగర్ షోవెల్‌నోస్ క్యాట్‌ఫిష్‌కు రోజూ చికెన్ ముక్కలు, వారానికోసారి బతికున్న గోల్డ్‌ఫిష్ వేస్తున్నాం. వేట చూడటం అందరికీ సరదా. ఈ మధ్య నాలుగు రోజులుగా ఏమీ తినడం లేదు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: సరదా మీది, చేపది కాదు. గోల్డ్‌ఫిష్‌లో థయామినేజ్ అనే ఎంజైము ఉంటుంది, అది విటమిన్ బి1ను నాశనం చేస్తుంది, అదే పనిగా పెడితే లోపం వస్తుంది. పైగా బతికున్న చేపతో పాటు దాని పురుగులూ రోగాలూ ఉచితంగా వస్తాయి. చికెన్ కొవ్వు ఈ చేప ఒంటికి సరిపడదు, కాలేయంలో పేరుకుంటుంది. మునిగే పెల్లెట్లను అసలు మేతగా అలవాటు చేయండి, మధ్యమధ్య వానపాములు, రొయ్యలు, చేప ముక్కలు మార్చి మార్చి వేయండి. మారాం చేస్తుంది, ఓ వారం పస్తుంటే దారికొస్తుంది.

నాలుగు రోజులు తినకపోవడం పెద్ద విషయం కాదు. కడుపు నిండా మింగిన వేట చేప రోజుల తరబడి కదలకుండా పడుంటుంది, అది దాని తీరు. చేప పిల్లలకు రోజు విడిచి రోజు, 30 సెంటీమీటర్లు దాటిన వాటికి వారానికి రెండుసార్లు, పూర్తిగా ఎదిగిన వాటికి వారానికి ఒకసారి చాలు. పొట్ట బంతిలా ఉబ్బి మూడు రోజులైనా తగ్గకపోతే ఎక్కువ పెట్టినట్టు. ఊపిరి వేగంగా తీస్తున్నా, ఒళ్ళు వాలిపోతున్నా అది ఆకలి సంగతి కాదు, వెంటనే నీళ్ళు పరీక్షించండి.

ప్రశ్న: నీళ్ళు అద్దంలా ఉన్నాయి, ఫిల్టర్‌ను ప్రతి ఆదివారం కుళాయి కింద శుభ్రంగా కడుగుతున్నాను. అయినా చేప పైకొచ్చి నోరు తెరుస్తోంది.

జవాబు: ఆ కడగడమే కొంప ముంచింది. ఫిల్టర్‌లోని స్పాంజిలో, రింగుల్లో బ్యాక్టీరియా పెరుగుతుంది. చేప వదిలే అమోనియాను అది నైట్రైట్‌గా, దాన్ని మళ్ళీ నైట్రేట్‌గా మారుస్తుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటే ఆ బ్యాక్టీరియా చస్తుంది, అమోనియా పేరుకుని చేపకు ఊపిరాడదు. అమోనియాకు రంగు లేదు, కాబట్టి తేటగా ఉన్న నీళ్ళు మంచివన్న హామీ లేదు. టెస్ట్ కిట్ కొనండి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి, నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ రోజు సగం నీళ్ళు మార్చండి, ఇకనుంచి స్పాంజిని ట్యాంకు నుంచి తీసిన నీళ్ళలోనే పిండండి. ఇంకోమాట, పెద్ద చేపకు ఒక్క పూట భారీగా మేత వేశాక మర్నాడు అమోనియా పెరగడం మామూలే, ఆ రోజే పరీక్షిస్తే ఫిల్టర్ సత్తా తెలిసిపోతుంది.

ప్రశ్న: ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. డబ్బా మీద రాసినంత మందు వేయొచ్చా?

జవాబు: వేయకండి. మీసాల చేపలకు పొలుసులు ఉండవు, మందు చర్మం మీద నేరుగా పడుతుంది. సగం మోతాదుతో మొదలుపెట్టండి, ఉష్ణోగ్రతను రెండు రోజుల్లో మెల్లగా 30 డిగ్రీలకు పెంచండి, ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసేయండి, గాలి పంపు ఎక్కువ పెట్టండి. ఆ చుక్కలకు కారణం ఒక పరాన్నజీవి. మందు పనిచేసేది అది నీళ్ళలో ఈదే దశలో ఉన్నప్పుడే, చర్మంలో దాక్కున్నప్పుడు కాదు. అందుకే చుక్కలు పోయాయని మర్నాడే ఆపేస్తే మళ్ళీ వస్తాయి. ఇంకో వారం కొనసాగించండి.

ప్రశ్న: ఇరిడెసెంట్ షార్క్ అని ఆరు చిన్నవి కొన్నాం. ఎవరైనా దగ్గరికి వెళ్తే చాలు, అద్దానికి తల బాదుకుంటున్నాయి. ఎందుకు?

జవాబు: షార్క్ కాదు, పంగాసియస్. ఆగ్నేయాసియాలోని మెకాంగ్, చావో ఫ్రాయా నదుల్లో గుంపులుగా మైళ్ళకు మైళ్ళు వలస పోయే చేప, 130 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మింగేరకం కాదు, దొరికిందల్లా తింటుంది. బెదిరితే ముందుకు దూకడం ఒక్కటే తెలుసు, నదిలో దానికి చోటుంది, మీ ట్యాంకులో లేదు. మూడు వైపులా అద్దాలకు ముదురు రంగు కాగితం అంటించండి, లైటు ఒక్కసారిగా వేయకండి. అవి తాత్కాలికమే, వీటికీ కుంటే దారి. వీటి దగ్గరి చుట్టం మెకాంగ్ జెయింట్ క్యాట్‌ఫిష్ ఒకటి 2005లో థాయ్‌లాండ్‌లో పట్టుబడింది, 293 కిలోలు. ఆ కుటుంబం అలాంటిది మరి.

ప్రశ్న: మీరు అన్నిటికీ వద్దంటారు! నాలుగడుగుల ట్యాంకులో పెట్టగలిగే వేట మీసాల చేప అసలుందా?

జవాబు: ఉన్నాయి. పిక్టస్ క్యాట్‌ఫిష్ 12 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఆగుతుంది. వెండి ఒంటిమీద నల్ల చుక్కలు, తోకదాకా సాగే మీసాలు, రోజంతా ఈదుతూనే ఉంటుంది. నాలుగైదు కలిపి పెట్టండి, ఒక్కటే ఉంటే మూల నక్కుతుంది. సైనోడాంటిస్ రకాల్లో చిన్నవీ బాగుంటాయి, కొన్ని తలకిందులుగా ఈదుతాయి. గల్పర్ క్యాట్‌ఫిష్ మీద చాలామందికి మోజు, పాతిక సెంటీమీటర్లే కదా అని. అది తనంత చేపను కూడా మింగేస్తుంది, ఒక్కోసారి ఆ మింగడంలో తనే పోతుంది. పెడితే దాన్ని ఒంటరిగా పెట్టాలి, ఇంకే చేపా వద్దు. మొదటిసారైతే మీకు పిక్టసే చెబుతాను. నియాన్ టెట్రాల్లాంటి చిన్న చేపలు ఉంటే మాత్రం ముందు వాటికి వేరే ట్యాంకు చూడండి.