మీటరు బాగుందంటుంది, మాట మాత్రం చేరదు: హామ్ రేడియో ప్రశ్నలు, జవాబులు

మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడగానే లైసెన్సు తీసుకొని సరదా కోసం నడిపే హామ్ రేడియో గురించిన ఈ శీర్షికకు ఉత్తరాలు పెరుగుతాయి. ఎండాకాలమంతా పగుళ్లు బారిన కేబుళ్లలోకి నీళ్లు దిగేది అప్పుడే మరి. ఈసారి వచ్చినవాటిలో ఐదు ప్రశ్నలు తీసుకున్నాను. మొదటి ప్రశ్నను వేర్వేరు మాటల్లో మరికొందరు కూడా అడిగారు కాబట్టి దానికి కొంత విస్తారంగానే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా మూడంతస్తుల ఇంటిపైన రెండు మీటర్ల బ్యాండ్ (145 మెగాహెర్ట్జ్ ప్రాంతం) కోసం గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నా కట్టుకొని నాలుగేళ్లయింది. కింది గదిలో ఉన్న 25 వాట్ల మొబైల్ సెట్ నుంచి 30 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ పైకి వెళ్తుంది. మొదట్లో ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన శక్తి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ రానట్లు) 1.3 ఉండేది, ఇప్పుడు 1.1కు దిగింది. అయినా కాజీపేటలోని మిత్రులకు నా గొంతు గరగరమని వినిపిస్తోందట. యాంటెన్నా ఇంత బాగుండగా, లోపం సెట్‌లోనే ఉందనుకోవాలా?
— ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: సెట్ మూత విప్పకండి. మీరు ముట్టుకోకుండానే మీటరు అంకె బాగుపడిందంటే, సంతోషించడం మాని అనుమానించవలసిన సమయం వచ్చిందన్నమాట.

ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుకు యాంటెన్నా కనిపించదు. తన గుండా పైకి వెళ్లిన శక్తిలో ఎంత తిరిగి వచ్చిందన్నది మాత్రమే దానికి తెలుస్తుంది. 145 మెగాహెర్ట్జ్ వద్ద ఆర్‌జీ-58 కేబుల్ కొత్తదైనా సరే, 30 మీటర్ల పొడవులో సుమారు 6 డెసిబెళ్లు మింగేస్తుంది. అంటే మీ 25 వాట్లలో డాబా పైకి చేరేది దాదాపు ఆరు వాట్లే. అక్కడ యాంటెన్నాలో ఏదో తేడా ఉండి కొంత శక్తి వెనక్కి మళ్లిందనుకోండి, దారిలో కేబుల్ మళ్లీ ముప్పావు వంతు తినేసి, మిగిలిన పావు వంతునే మీటరుకు అప్పగిస్తుంది. ఈ లెక్కన యాంటెన్నాను పూర్తిగా ఊడదీసి పక్కన పెట్టినా, కింద మీటరు దాదాపు 1.7 మాత్రమే చూపిస్తుంది. మొదట్లో మీరు చూసి మురిసిన 1.3 కూడా, యాంటెన్నా కాళ్ల దగ్గర కొలిచి ఉంటే 3 దాటి ఉండేది. ఇప్పుడు 1.1 అయిందంటే తిరిగి వచ్చేది ఇంకా తగ్గిందని అర్థం. దానికి కారణం కేబుల్ మరింత ఆకలిగొనడమే తప్ప యాంటెన్నా బాగుపడడం కాదు.

దీన్ని పరీక్షించడం తేలిక. డాబా ఎక్కి యాంటెన్నా దగ్గర కనెక్టర్ విప్పి, చివరను గాలిలో వదిలేయండి. కిందికి వచ్చి సెట్‌ను అతి తక్కువ పవర్‌కు తిప్పి, రెండు సెకన్లు మాత్రమే మీట నొక్కి ఎస్‌డబ్ల్యూఆర్ చూడండి. నానోవీఎన్ఏ (యాంటెన్నా, కేబుళ్లను కొలిచే చిన్న పరికరం) ఉన్నవారు దానితో చూస్తే మరీ మంచిది. నష్టమే లేని కేబుల్ అయితే సూది కుడివైపు చివరికి కొట్టుకోవాలి, మీ పొడవు ఆర్‌జీ-58 కొత్తదైనా 1.7 దగ్గర ఆగుతుంది. అంతకన్నా తక్కువ చూపిందంటే మీ శక్తిలో చాలా భాగం గోడ వెంబడి వేడిగా మారిపోతోందన్నమాట. తరువాత పై కనెక్టర్‌కు జానెడు కింద కేబుల్‌ను కోసి, నల్లటి తొడుగును బ్లేడుతో చీల్చండి. లోపలి రాగి అల్లిక కొత్త బిందెలా మెరుస్తుండాలి. నాలుగేళ్ల వానలు చూసిన కేబుల్‌లో మాత్రం అది నల్లబడి, వేలితో రుద్దితే మసిలా అంటుకుంటుంది. దీపం వత్తి నూనెను పీల్చినట్లు ఆ అల్లిక నీటిని మీటర్ల కొద్దీ లోపలికి పీలుస్తుంది. అందువల్ల చివర అరగజం కోసి కొత్త కనెక్టర్ వేసినంత మాత్రాన రోగం కుదరదు. రోళ్లు పగిలే రోహిణి ఎండకు ఆ పీవీసీ తొడుగు పగలకుండా ఉంటుందా చెప్పండి.

కొత్త కేబుల్ కొనేటప్పుడు ఇదే ఆర్‌జీ-58ను మళ్లీ తేవద్దు. ఆర్‌జీ-213 దొరికితే 30 మీటర్లకు రెండున్నర డెసిబెళ్లకు అటూఇటూగా పోతుంది. అంత ఖర్చు వద్దనుకుంటే టీవీ డిష్‌కు వాడే ఆర్‌జీ-6 కూడా నష్టంలో దాదాపు దానితో సమానమే. అది 75 ఓమ్‌ల కేబుల్, సెట్‌కు కావలసింది 50 ఓమ్‌లది కదా అని కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తారు. ఆ తేడా వల్ల కేబుల్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 అవుతుంది, దాని వల్ల వెనక్కి మళ్లేది నూటికి నాలుగు పాళ్లు. ఆర్‌జీ-58 నూటికి డెబ్బై అయిదు పాళ్లు తింటుంటే ఈ నాలుగు పాళ్ల కోసం పంతానికి పోవడం నాకైతే సమంజసంగా తోచదు. చవక రకం టీవీ కేబుల్ అల్లిక అల్యూమినియంది కాబట్టి దానికి టంకం అంటదు. అందుకే నొక్కి బిగించే ఎఫ్ కనెక్టర్, దానికి తగిన అడాప్టర్ వాడవలసి ఉంటుంది.

పైకి ఎక్కినప్పుడే యాంటెన్నాను కూడా కొలిచి చూడండి. 145 మెగాహెర్ట్జ్‌కు నిలువు కడ్డీ 49 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉండాలి. కింది నాలుగు కడ్డీలు దానికన్నా కాస్త పొడవుగా, 45 డిగ్రీల వాలులో ఉంటే 50 ఓమ్‌లకు దగ్గరగా వస్తుంది. కనెక్టర్ మీద తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపును కింది నుంచి పైకి చుట్టండి. అప్పుడు పెంకుటింటి కప్పులో పెంకుల్లాగా పొర మీద పొర పడి నీరు జారిపోతుంది. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట కిందికి ఒక వంపు తిప్పితే వాననీరు అక్కడే కారిపోతుంది.

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. 7 మెగాహెర్ట్జ్ మీద చీకటి పడగానే (సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరు మీద) ఎస్9 వరకు బుర్రుమనే రొద మొదలవుతుంది, పది దాటాక తగ్గుతుంది. చుట్టూ వ్యవసాయ బావుల మోటార్లు, ఇంటి ముందే ట్రాన్స్‌ఫార్మర్. ఇక్కడ హామ్ రేడియో సాగదంటారా?
— ఒక పాఠకుడు

జవాబు: ట్రాన్స్‌ఫార్మర్ మీద నేరం మోపే ముందు మీ ఇంటిని సోదా చేయండి. చీకటితో మొదలై పడకల వేళకు ఆగే రొద దీపాలదో టీవీదో అయ్యే అవకాశమే ఎక్కువ. మోటార్లకు రాత్రీ పగలూ తేడా లేదు. వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చిన 2018 నుంచి మరీనూ.

సెట్‌ను 12 వోల్టుల బ్యాటరీ మీద నడుపుతూ, రొద ఉన్న సమయంలోనే ఇంటి మెయిన్ స్విచ్ ఆపండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపాలి, లేకపోతే పరీక్ష అబద్ధమవుతుంది. సూది పడిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. అప్పుడు ఎంసీబీలను ఒక్కొక్కటిగా ఎత్తుతూ, ఏది ఎత్తినప్పుడు సూది లేచిందో రాసుకోండి. ఆ గదిలోకి చిన్న షార్ట్‌వేవ్ ట్రాన్సిస్టర్ తీసుకెళ్లి ప్రతి అడాప్టర్, ప్రతి ఎల్‌ఈడీ బల్బు దగ్గర చెవి పెట్టండి. ఈ విషయంలో నాకూ ఒక సిగ్గుపడవలసిన అనుభవం ఉంది. నెల రోజులు వీధి స్తంభాన్ని తిట్టుకున్న తరువాత తేలిందేమిటంటే, నా రొదకు మూలం మా దేవుడి పటానికి చుట్టిన రంగుల ఎల్‌ఈడీ దండ! దాని చిన్న అడాప్టర్ తీసేయగానే సూది ఎస్9 నుంచి ఎస్5కు పడింది. ఒక్కో ఎస్ మెట్టు 6 డెసిబెళ్లు కాబట్టి నాలుగు మెట్లంటే శక్తిలో సుమారు 250 రెట్లు తేడా. అంత లాభం ఏ యాంటెన్నా మార్చినా రాదు.

మెయిన్ ఆపినా రొద పోకపోతే రెండు సంగతులు చూడాలి. ఒకటి, పక్కింటి రొద మీ కోయాక్సియల్ కేబుల్ పైతొడుగు వెంబడి పాకి సెట్‌లోకి రావడం. దీనికి 31 రకం ఫెర్రైట్ రింగులో కేబుల్‌ను పది పన్నెండు చుట్లు తిప్పి, యాంటెన్నా మధ్యలో ఒకటి, సెట్‌కు ముందు ఒకటి పెడితే ఆ దారి మూసుకుంటుంది. రెండోది, లైను మీదే నిప్పురవ్వలు. ఎండల్లో గట్టిగా ఉండి, మంచి వాన పడగానే మాయమయ్యే రొద సాధారణంగా స్తంభం మీద వదులైన బోల్టుదో, తీగ కట్టుదో అవుతుంది. ట్రాన్సిస్టర్ పట్టుకొని నడిస్తే ఏ స్తంభమో తెలిసిపోతుంది. స్తంభం నంబరు రాసి సబ్‌స్టేషన్‌లో ఇవ్వండి. స్తంభాన్ని తట్టి చూడడం, ఎక్కడం మాత్రం ఎంత మాత్రం చేయవద్దు.

ప్రశ్న: నా 100 వాట్ల సెట్ వినేటప్పుడు బాగానే ఉంటుంది. మైకులో గట్టిగా మాట్లాడగానే డిస్‌ప్లే ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. పవర్ సప్లై 30 ఆంపియర్లది, 13.8 వోల్టులు కచ్చితంగా ఇస్తోంది. అక్కడి నుంచి మూడు మీటర్ల దూరంలో ఉన్న సెట్‌కు ఒక చదరపు మిల్లీమీటరు ఇంటి వైరింగ్ తీగ వేశాను.
— ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ఎక్కడ కొలిచారు? పవర్ సప్లై మీద కాకుండా సెట్ వెనుక ప్లగ్ దగ్గర, అదీ మాట్లాడుతున్నప్పుడు కొలవాలి. మీరు ఉత్తరంలో రాసిన ఒక చదరపు మిల్లీమీటరు ఇంటి వైరింగ్ తీగకు మీటరుకు 18 మిల్లీఓమ్‌ల నిరోధం ఉంటుంది. మూడు మీటర్ల దూరమంటే పోను మూడు, రాను మూడు, మొత్తం ఆరు మీటర్లు. 20 ఆంపియర్లు పారితే రెండు వోల్టులకు పైగా దారిలోనే పోయి, సెట్‌కు 11.6 అందుతుంది. సాధారణంగా ఇలాంటి సెట్లు 13.8కి 15 శాతం అటూఇటూ మాత్రమే ఓర్చుకుంటాయి, అంటే 11.7 వాటి అడుగు. ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగ వేసి, పొడవును మీటరున్నరకు తగ్గించండి. ఆ తరువాత ఫ్యూజు హోల్డర్‌ను వేలితో తాకి చూడండి, వేడిగా ఉంటే దాన్నీ మార్చాలి.

ప్రశ్న: సూత్రం ప్రకారం 7.1 మెగాహెర్ట్జ్‌కు 20.14 మీటర్ల డైపోల్‌ను (మధ్య నుంచి రెండు వైపులా చాచిన తీగ యాంటెన్నా) పీవీసీ తీగతో కట్టాను, ఎత్తు 8 మీటర్లు. నానోవీఎన్ఏలో ఎస్‌డబ్ల్యూఆర్ కనిష్ఠం 6.88 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తోంది. పైగా రాత్రిళ్లు ఢిల్లీ, కేరళ వినిపిస్తాయి గానీ హైదరాబాదు వినిపించదు. ఎత్తు పెంచాలా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: 143ను మెగాహెర్ట్జ్‌తో భాగించే ఆ సూత్రం తొడుగు లేని తీగకు చెప్పింది. పీవీసీ తొడుగు ఉంటే తరంగం కాస్త నిదానిస్తుంది కాబట్టి తీగ రెండు నుంచి ఐదు శాతం తగ్గాలి. మీ లెక్క ఇదిగో: 20.14ను 6.88తో గుణించి 7.1తో భాగిస్తే 19.52 మీటర్లు, అంటే ఒక్కో వైపు 31 సెంటీమీటర్లు ఎక్కువగా ఉంది. కత్తెర తీయకండి. ముందు 25 సెంటీమీటర్లు వెనక్కి మడిచి, తీగకే ఆనించి చుట్టి, తిరిగి పైకి లాగి కొలవండి. మిగిలినది తరువాత చూసుకోవచ్చు. చీర అంచు మడిచి కుట్టినట్లు, మడిచిన దాన్ని ఎప్పుడైనా విప్పుకోవచ్చు, కోసిన దాన్ని అతకడం కష్టం. చివరలు చెట్టుకొమ్మలకు తగలకుండా ఉన్నాయో లేదో కూడా చూడండి, పచ్చటి ఆకు తగిలినా కనిష్ఠం కిందికి జరుగుతుంది.

హైదరాబాదు సంగతిలో మీ యాంటెన్నా తప్పేమీ లేదు. కరీంనగర్ నుంచి అక్కడికి రోడ్డు దారిన నూటయాభై కిలోమీటర్లకు పైమాటే. అంత దూరం నేల వెంబడి తరంగం చేరదు, అలాగని ఇంత దగ్గరికి ఆకాశం నుంచి చేరాలంటే దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్లి అయనోవరణపు ఎఫ్2 పొరను తాకి కిందికి పడాలి. పగలు ఆ పొర దట్టంగా ఉండి 7 మెగాహెర్ట్జ్‌ను తిప్పి పంపుతుంది. రాత్రి పెరిగేకొద్దీ పొర పలచబడి, నిలువుగా వెళ్లిన తరంగం దాన్ని చీల్చుకొని పోతుంది. ఏటవాలుగా వెళ్లినది మాత్రం తిరిగి దూరాన పడుతుంది, కనుకనే ఢిల్లీ వినిపించి హైదరాబాదు దాక్కుంటుంది. నిలువుగా ప్రసరించడానికి మీ 8 మీటర్ల ఎత్తే అనుకూలం. ఎత్తు పెంచితే దూరప్రాంతాలకు లాభం గానీ పొరుగుకు కాదు. ఉదయం తొమ్మిది తరువాత ప్రయత్నించండి. రాత్రే మాట్లాడాలంటే 80 మీటర్ల బ్యాండ్‌కు, అంటే దాదాపు రెట్టింపు పొడవు తీగకు చోటు వెతుక్కోవాలి.

ప్రశ్న: ఈ మధ్యే వీయూ3 కాల్‌సైన్ వచ్చింది. 7 మెగాహెర్ట్జ్‌కు పనిచేసే బిట్‌ఎక్స్40 అనే చిన్న సెట్ బోర్డు వాడుతున్నాను. ఏడు వాట్లు ఇచ్చేది, ఇప్పుడు అర వాటు కూడా రావడం లేదు. దాని పవర్ ట్రాన్సిస్టర్ ఐఆర్ఎఫ్510 చెయ్యి కాలేంత వేడెక్కుతోంది.
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: హైదరాబాదుకు చెందిన అష్‌హర్ ఫర్హాన్ రూపొందించిన ఈ బోర్డుల్లో గొప్ప సౌకర్యం ఏమిటంటే, పవర్ యాంప్లిఫయర్‌కు కరెంటు ఇచ్చే పిన్నులు విడిగా ఉంటాయి. ఆ ఒక్క తీగ మధ్యలో ఆమ్మీటరు పెట్టండి. యాంటెన్నా బదులు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (శక్తిని వేడిగా మార్చుకునే రెసిస్టరు) ఉండాలి. ఒక వాటు కార్బన్ రకం 1000 ఓమ్ రెసిస్టర్లు ఇరవై పక్కపక్కన కలిపి కడితే అదే 50 ఓమ్‌లు, 20 వాట్లు. వైరు చుట్టిన రెసిస్టర్లు ఇందుకు పనికిరావు. బయాస్ ప్రీసెట్‌ను (ట్రాన్సిస్టర్ విశ్రాంతి కరెంటును సరిచేసే చిన్న మరను) కనిష్ఠానికి తిప్పి, మాట్లాడకుండా మీట నొక్కండి. అప్పుడు కూడా ఆంపియర్‌కు దగ్గరగా కరెంటు పారితే ఆ ట్రాన్సిస్టర్ పోయినట్లే. ఊడదీసి, గేటుకూ సోర్సుకూ మధ్య మల్టీమీటరుతో చూస్తే రూఢి అవుతుంది. అక్కడ నిరోధం అనంతంగా ఉండాలి, కొన్ని ఓమ్‌లే చూపితే పారేయండి.

కొత్తది వేసేటప్పుడు దాని లోహపు వీపు డ్రెయిన్‌కు కలిసి ఉంటుందని గుర్తుంచుకోండి. హీట్‌సింక్ పెట్టె గోడకు తగిలేటట్లయితే మధ్యలో మైకా పలక, బోల్టుకు ప్లాస్టిక్ వాషరు తప్పనిసరి. ఆ తరువాత మీట నొక్కి ఉంచి, మాట్లాడకుండా, ప్రీసెట్‌ను మెల్లగా తిప్పుతూ విశ్రాంతి కరెంటు 100 మిల్లీఆంపియర్లు పెరిగే దగ్గర ఆపండి.