వైజాగ్‌లో కుక్కపిల్లకి ట్రైనింగ్ క్లాసు: ముందు పిల్లని ఇంట్లో వదిలి మీరొక్కరే వెళ్లి చూడండి

మీది పది వారాల ల్యాబ్రడార్ పిల్ల, ఎంవీపీ కాలనీలో ఫ్లాటు. ఇంటికొచ్చి నేర్పుతానని ఒకాయన, నెల్లాళ్లు తన దగ్గరే ఉంచుకుని నేర్పి పంపిస్తానని ఇంకొకాయన, టీకాలన్నీ అయ్యేదాకా గుమ్మం దాటించొద్దని పక్కింటివాళ్లు. ఎవరి మాట వినాలి, మంచి క్లాసుని ఎలా పోల్చుకోవాలి అని మీరు అడిగారు. మాది పెదవాల్తేరు. 2022లో నేనూ ఇవే ప్రశ్నలతో తిరిగాను. మొదట తప్పు చేశాను కూడా, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా జున్ను జాతి కుక్క కాదు. జాలరిపేట వైపు ఒక పడవ నీడన పుట్టిన ఊరకుక్క పిల్ల. ఆగస్టు నెలాఖరులో, ఎనిమిది వారాలప్పుడు ఇంటికి తెచ్చుకున్నాం. తెలిసినవాళ్లు చెప్పారని ఇంటికొచ్చే ట్రైనర్ని పెట్టాను. మర్యాదగా మాట్లాడే మనిషే. రెండో రోజే చోక్ చైన్, అంటే లాగితే మెడకి బిగుసుకునే గొలుసు, వేశారు. "ఇప్పట్నుంచే మనమే లీడరని దానికి తెలియాలమ్మా" అన్నారు. గొలుసు ఒక్క లాగు లాగేసరికి పిల్ల కుయ్యిమని కూర్చుండిపోయింది. రెండు రోజుల్లోనే సిట్ వచ్చేసిందని నేనూ మురిసిపోయాను. వారం తిరిగేసరికి ఆయన బండి చప్పుడు సందు మలుపులో వినబడితే చాలు, జున్ను మంచం కిందికి దూరి అక్కడే పాస్ పోసేసేది. మా అత్తయ్య చూసి, "దానికి చదువు రావట్లేదమ్మా, భయం వస్తోంది" అన్నారు. మర్నాడే మాన్పించేశాను. అప్పటికి పది రోజులు పోయాయి.

పది రోజులే కదా అనిపించొచ్చు. కానీ కుక్కపిల్లకి మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా ఒక అదను ఉంటుంది. ఆ వయసులో ఏ మనుషుల్ని, ఏ చప్పుళ్లని, ఏ కుక్కల్ని మంచిగా చూస్తుందో వాటిని జీవితాంతం మామూలుగా తీసుకుంటుంది. అప్పుడు పట్టుకున్న భయం వదిలించడానికి మాత్రం నెలలు పడుతుంది. మగవాళ్లు హెల్మెట్ పెట్టుకుని గేటు తీస్తే జున్ను ఇప్పటికీ రెండడుగులు వెనక్కి వేస్తుంది. అది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక ఆ "లీడర్" మాట. అది ఆల్ఫా తోడేలు, అంటే గుంపుని కొట్టి లొంగదీసుకునే పెద్ద, అన్న ఊహ నుంచి వచ్చింది. ఆల్ఫా తోడేలు అన్న మాట జనంలోకి వెళ్లడానికి కారణమైన పరిశోధకుల్లో డేవిడ్ మెక్ ఒకరు. ఆయనే 1999లో ఆ మాటని సరిదిద్దారు. అడవిలో తోడేళ్ల గుంపంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమే, కొట్టుకుని పెత్తనం తెచ్చుకునే ముఠా కాదని రాశారు. మీ దగ్గరికొచ్చిన ట్రైనర్ ఎవరైనా ఆల్ఫా, డామినెన్స్ (పెత్తనం) అంటుంటే ఇంకొకర్ని వెతుక్కోండి. మన దేశంలో డాగ్ ట్రైనర్‌గా పనిచెయ్యడానికి ప్రభుత్వ లైసెన్సు ఏదీ తప్పనిసరి కాదు. కాబట్టి బోర్డు చూసి నమ్మేయకుండా మనమే చూసుకోవాలి.

ఎలా చూసుకోవాలంటే, పిల్లని ఇంట్లో వదిలేసి మీరొక్కరే వెళ్లి ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి. చూడనివ్వం అన్నారంటే అక్కడితో ఆపెయ్యండి. నేను అలా మూడు చోట్లకి వెళ్లాను. మూడోది ఒక మేడ మీద జరిగే క్లాసు. ఐదు కుక్కపిల్లలు, ఐదు కుటుంబాలు, నేర్పేది ఒకావిడ. అక్కడ చూసిన ఒక్క సంగతితో నా అనుమానాలన్నీ తీరిపోయాయి, జున్నుని అక్కడే చేర్చాను. పిల్లల్ని ఆడుకోవడానికి వదిలారు. బొద్దుగా ఉన్న ఒక రాట్‌వైలర్ పిల్ల బక్క పామెరేనియన్‌ని పదేపదే కిందపడేస్తోంది. ఆవిడ అరవలేదు, కొట్టలేదు. పెద్దదాన్ని రెండు చేతుల్తో మెల్లిగా ఎత్తి పట్టుకున్నారు. చిన్నది లేచి ఒళ్లు దులుపుకుని, మళ్లీ దాని దగ్గరికే తోకాడిస్తూ వచ్చింది. అప్పుడు వదిలారు. "ఇది దూరంగా పోయి దాక్కుంటే ఆట ఇంక చాలన్నట్టు. తిరిగొచ్చిందంటే దీనికీ ఇష్టమేనన్నట్టు" అని చుట్టూ ఉన్నవాళ్లకి చెప్పారు. వాటంతట అవే సర్దుకుంటాయిలే అని వదిలేసే క్లాసుల్లో బెదురు పిల్ల ఇంకా బెదిరిపోతుంది, దూకుడు పిల్ల ఇంకా మొండికేస్తుంది. ఈ ఒక్కటి చూస్తే నేర్పేవాళ్ల కన్ను ఎలాంటిదో తెలిసిపోతుంది.

ఇంకోటి గమనించండి. గంటలో ఎక్కువసేపు పిల్లని కట్టిన తాడు ఎవరి చేతిలో ఉంది? మంచి క్లాసులో అది మన చేతిలోనే ఉంటుంది. ట్రైనర్ పక్కన నిలబడి మన టైమింగ్ దిద్దుతారు. పిల్ల పిర్ర నేలకి తగిలిన క్షణంలోనే "ఆ" అనాలి, వెంటనే ముక్క పెట్టాలి. రెండు సెకన్లు ఆగితే అప్పటికి అది లేచిపోతుంది, లేచినందుకు ముక్క ఇచ్చినట్టవుతుంది. నాకు ఇది కుదరడానికి రెండు క్లాసులు పట్టింది. ముక్కంటే ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన చికెన్, శనగగింజంత చాలు. చిన్నపిల్లలున్న ఇల్లయితే ఎండుద్రాక్ష, చాక్లెట్ పెట్టొద్దని వాళ్లకి గట్టిగా చెప్పండి, రెండూ కుక్కలకి విషమే.

ఫోన్లో ట్రైనర్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "మా పిల్ల చెప్పింది చెయ్యకపోతే మీరేం చేస్తారు?" నాకు ఆ మేడ మీద క్లాసు ఆవిడిచ్చిన జవాబు, "నేను కష్టమైంది అడిగానన్నమాట, తేలిక చేసి మళ్లీ అడుగుతాను." మొదటి ఆయనని ఈ ప్రశ్న అడిగుంటే ఆ పది రోజులూ మిగిలేవి.

నెల్లాళ్లు ఉంచుకుని పంపే పద్ధతికి నేను పూర్తిగా వ్యతిరేకం. పది వారాల పిల్లని అసలే వద్దు. అక్కడ ఏం జరుగుతుందో మనకి కనబడదు. నేర్చుకున్నా అది అతని మాటకి, ఆ చోటికి అలవాటు పడుతుంది. మా బంధువుల కుక్క ఒకటి అలా వెళ్లి చిక్కిపోయి తిరిగొచ్చింది. తల నిమరడానికి చెయ్యెత్తితే కళ్లు మూసేసుకునేది.

టీకాల మాట. మీ పక్కింటివాళ్ల భయం ఉత్తిది కాదు. కుక్కపిల్లలకి వాంతులు, విరేచనాలతో ప్రాణం మీదికి తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగ్గా పట్టకపోవచ్చు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తారు. కానీ అంతవరకూ ఇంట్లోనే పెడితే నేను పైన చెప్పిన అదను దాటిపోతుంది. అమెరికాలో జంతు ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం దీనికి మధ్యేమార్గం చెప్పింది: మొదటి టీకా, నులిపురుగుల మందు పడి కనీసం ఏడు రోజులైతే ఏడెనిమిది వారాల పిల్లనైనా క్లాసుకి తీసుకెళ్లొచ్చు. మీ డాక్టరుగారికి చెప్పి తేదీ ఖాయం చేసుకోండి. క్లాసువాళ్లు ప్రతి పిల్ల టీకా కార్డూ అడిగి చూస్తున్నారా, నేల దేంతో కడుగుతున్నారు అన్నవి కనుక్కోండి. పార్వోకి ఫినాయిల్‌ని నమ్ముకోలేం, బ్లీచ్ కావాలి. ఆవిడ మేడ నాకు నచ్చడానికి ఇదీ ఒక కారణం, వీధికుక్కలు తిరగని నేల అది. ఆర్కే బీచ్ ఇసుకలోకి మాత్రం టీకాలన్నీ పూర్తయ్యాకే దింపండి. అప్పటిదాకా చంకనెత్తుకుని తిప్పండి. నేను జున్నుని ఎంవీపీ రైతుబజార్ గేటు దగ్గర పదేసి నిమిషాలు ఎత్తుకుని నిలబడేదాన్ని. ఆటోలు, గంపలు, అరుపులు అన్నీ చూసేది, నేను ముక్కలు పెడుతూ ఉండేదాన్ని.

ఆ ఏడాది డిసెంబర్ 4న నేవీ డే విన్యాసాలు మన బీచ్‌లోనే జరిగాయి. ముందు రోజుల్లో రిహార్సల్స్‌కి జెట్లు మేడల మీదుగా వెళ్తుంటే కిటికీలు అదిరేవి. క్లాసులో నవంబర్ నుంచే ఫోన్లో టపాసుల చప్పుడు, విమానాల చప్పుడు వినీ వినబడనట్టు పెట్టి, ముక్క పెట్టి, రోజుకి కొంచెం పెంచడం నేర్పారు. మొదటి జెట్ వెళ్లినప్పుడు జున్ను తలెత్తి ఆకాశం చూసి, తర్వాత నా చేతికేసి చూసింది. ముక్క కోసం.

ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి, ఏ భాషైనా ఫర్వాలేదు. మా అత్తయ్య "కూకో" అంటారు, ఎంత చెప్పినా సిట్ అనరు. ట్రైనర్ "అయితే అందరూ కూకో అనండి" అన్నారు. అంతే, మా జున్నుకి ఇప్పటికీ కూకోనే.

మన ఉక్కపోతలో క్లాసు పొద్దున్న ఏడులోపు గానీ సాయంత్రం ఐదున్నర తర్వాత గానీ ఉండేటట్టు చూసుకోండి. మీ పిల్లకి పది వారాలు కాబట్టి ఈ వారంలోనే డాక్టరుగారిని అడిగి, ఆదివారం ఒక క్లాసు చూసి రండి. మొదటి రోజు తీసుకెళ్లేటప్పుడు అది ఇంట్లో పడుకునే పాత దుప్పటి ముక్క వెంట పట్టుకెళ్లండి. మొదటి క్లాసంతా జున్ను దాని మీద నుంచి దిగలేదు. ఆవిడ కూడా దింపమనలేదు.