అందరికీ పాతది, ఆఫీసుకి కొత్తది

ప్రశ్న: మా సైట్ ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. కొత్త వెర్షన్‌ని వేరే సర్వర్‌లో పెట్టాం. ఆఫీసు ఐపీ నుంచి వచ్చేవాళ్లు కొత్తదానికి, మిగతావాళ్లు పాతదానికి వెళ్లాలి. దాని సెట్టింగ్స్ ఫైల్లో, లొకేషన్ బ్లాక్‌లో 'ఇఫ్' షరతులు రాసి చూశాను, ఆఫీసులోనూ పాతదే వస్తోంది. ఎక్కడ తప్పు?

జవాబు: ముందు ఆ ఇఫ్‌లు తీసేయండి. లొకేషన్ లోపల ఇఫ్ ఒక్కోసారి మనం అనుకున్నట్టు పనిచేయదు, పైగా ఈ పని కోసమే జియో అనే మాడ్యూల్ ఉంది (పేరు చూసి దేశాలూ ఊళ్లూ వెతుకుతుందనుకోకండి, అది చూసేది ఐపీ అడ్రస్సే). హెచ్‌టీటీపీ బ్లాక్‌లో, అంటే సర్వర్ బ్లాక్‌కి బయట, పాతదానికొకటి కొత్తదానికొకటి అప్‌స్ట్రీమ్ (వెనకున్న సర్వర్‌కి పెట్టే పేరు, అడ్రస్) రాసుకోండి. జియో బ్లాక్‌కి ఒక వేరియబుల్ పేరిచ్చి లోపల రెండే లైన్లు: డిఫాల్ట్‌కి పాతది, 203.0.113.0/24 అన్నట్టు మీ ఆఫీసు ఐపీల రేంజికి కొత్తది. రిక్వెస్ట్‌ని వెనక సర్వర్‌కి పంపే ప్రాక్సీ పాస్ లైన్‌లో ఆ వేరియబుల్ పెడితే సరి. అందులో వచ్చే పేరు అప్‌స్ట్రీమ్ పేరుతో పొల్లు పోకుండా కలవాలి, లేదంటే ఇంజిన్‌ఎక్స్ దాన్ని డొమైన్ అనుకుని వెతకబోయి, రిజాల్వర్ (డొమైన్ పేరుకి ఐపీ వెతికిపెట్టేది) ఏదీ లేదని 502 ఎర్రర్ చూపిస్తుంది.

కానీ మీ అసలు తంటా ఇది కాదని నా అనుమానం. వచ్చిన ప్రతి రిక్వెస్ట్ నమోదయ్యే యాక్సెస్ లాగ్ తెరిచి పెట్టుకుని ఆఫీసు నుంచి పేజీ రిఫ్రెష్ చేయండి, కొత్తగా పడిన లైన్ మొదట్లో ఏ అడ్రస్ ఉందో చూడండి. అక్కడ 10.0.0.5 లాంటి లోపలి నెట్‌వర్క్ అడ్రస్ కనిపిస్తే, మీ సర్వర్‌కి ముందు రిక్వెస్ట్‌లు అందుకుని పంపే లోడ్ బ్యాలెన్సరో ఇంకో ప్రాక్సీయో ఉందన్నమాట. ప్రపంచంలో ఎవరొచ్చినా మీ సర్వర్‌కి కనిపించేది దాని అడ్రస్సే, ఇక మీ రూల్ ఎలా తగులుతుంది? అలాంటప్పుడు రియల్ ఐపీ మాడ్యూల్ వాడాలి. అసలు వచ్చినవాళ్ల ఐపీని ప్రాక్సీ రాసిపంపే ఎక్స్ ఫార్వర్డెడ్ ఫర్ హెడర్‌ని నమ్మమని చెప్పండి, అయితే ఆ ప్రాక్సీ అడ్రస్ నుంచి వస్తేనే. చాలామంది తొందరలో 0.0.0.0/0, అంటే అన్ని అడ్రస్‌లూ, రాసి పారేస్తారు, అప్పుడు కర్ల్ (కమాండ్‌తో రిక్వెస్ట్‌లు పంపే టూల్) తెలిసి ఆ హెడర్‌ని తనే రాసి పంపగల ప్రతివాడూ మీ ఆఫీసువాడే.

లాగ్‌లో కోలన్లతో పొడుగాటి అడ్రస్ పడిందా? అది ఐపీవీ6, అంటే కొత్త రకం ఐపీ అడ్రస్. మీరు రాసిన, చుక్కలతో నాలుగు సంఖ్యలుండే పాత రకం రూల్ దానికి వర్తించదు, మీ ఐపీవీ6 రేంజి కూడా ఇంకో లైన్‌గా జియోలో చేర్చండి.

ఇంటి నుంచో ఫోన్‌లోనో టెస్ట్ చేసేవాళ్లు ఉంటే మాత్రం ఐపీని నమ్ముకోకండి. మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక బోలెడుమంది ఉంటారు, అదీ మారుతూ ఉంటుంది. వాళ్ల బ్రౌజర్‌లో ఒక కుకీ (చిన్న గుర్తు) పెట్టి, ఇంజిన్‌ఎక్స్‌లోని మ్యాప్ మాడ్యూల్‌తో దాన్ని చూసి దారి మళ్లించడమే సుఖం. కొత్త వెర్షన్ నిజంగా బయటివాళ్ల కంటపడకూడనిదైతే లాగిన్ కూడా పెట్టాల్సిందే.