చందా వేరు, స్పాన్సర్‌షిప్ వేరు

కళాసంస్థల నిర్వహణ గురించి పాఠకులు పంపే ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులు ఇస్తున్నాము. ఈ సంచికకు ఎంచుకున్న నాలుగు ఉత్తరాలూ ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు జిల్లాల నుంచి వచ్చినవే. నాలుగింటిలోనూ అడిగింది వ్యాపార సంస్థల డబ్బు గురించే.

ప్రశ్న: ఒంగోలుకు దగ్గరలోని మా ఊళ్లో ముప్పై ఏళ్లుగా నడుస్తున్న పద్యనాటక సమాజం మాది. ఏటా శివరాత్రికి మూడు రాత్రుల నాటకాలు వేయిస్తాము. ఇన్నాళ్లూ రైతుల చందాలతో, మైకులో చదివించే నూటపదహార్లతో నెట్టుకొచ్చాము. ఇచ్చే చేతులు తగ్గిపోవడంతో ఈసారి జనవరి నెలాఖరున పదకొండు సంస్థలకు సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు కోరుతూ ఉత్తరాలు రాశాము. ఒక్కరూ బదులివ్వలేదు. వ్యాపారులకు కళలంటే గిట్టదా, లేక అడగడంలోనే మాకు లోపం ఉందా? – ఒక నాటక సమాజం కార్యదర్శి

జవాబు: లోపం అడగడంలోనే ఉంది. మీరు జతపరచిన జాబితాలోని పదకొండింటిలో ఎనిమిది చీమకుర్తి గ్రానైటు వ్యాపారులవి, రెండు ఒంగోలు బంగారు దుకాణాలు. ఇవన్నీ సొంత వ్యాపారాలో భాగస్వామ్య సంస్థలో అని మీరే రాశారు. సీఎస్ఆర్ బాధ్యత కంపెనీలకు మాత్రమే ఉంటుంది. వాటిలోనైనా, 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం, అంతకు ముందటి ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్ల రూపాయలకు గానీ, టర్నోవరు 1,000 కోట్లకు గానీ, నికర లాభం 5 కోట్లకు గానీ చేరిన కంపెనీలే తమ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఈ పద్దు కింద ఖర్చు చేయవలసి ఉంటుంది. భాగస్వామ్య సంస్థను నడుపుకొనే వ్యాపారిని సీఎస్ఆర్ అడగడం తాటిచెట్టు కింద నిలబడి కొబ్బరిబోండాం అడిగినట్టుంటుంది. ఆయనకు మీ మీద కోపమేమీ లేదు, ఉత్తరం అర్థమై ఉండదు.

మిగిలిన పదకొండోది పెద్ద కంపెనీ. అక్కడ మీ ఉత్తరమే మీకు అడ్డుపడింది. సీఎస్ఆర్ కింద చేయదగిన పనుల జాబితా అయిన, చట్టంలోని ఏడో షెడ్యూలులో కళలు, సంస్కృతి, సంప్రదాయ కళల అభివృద్ధి స్పష్టంగా ఉన్నాయి కాబట్టి పద్యనాటకానికి సీఎస్ఆర్ డబ్బు ఇవ్వకూడదన్న నిషేధం లేదు. అయితే ఒక్కసారి జరిగి ముగిసిపోయే కార్యక్రమాలకు, అవార్డులకు, టీవీ కార్యక్రమాల స్పాన్సర్‌షిప్‌కు పెట్టే ఖర్చు సీఎస్ఆర్ కిందికి రాదని కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2014 జూన్‌లోనే సర్క్యులరు ఇచ్చింది. 2021లో సవరించిన నియమాలు, తన సరుకుకో సేవకో ప్రచారం దక్కించుకోవడానికి కంపెనీ చేసే స్పాన్సర్‌షిప్‌ను కూడా సీఎస్ఆర్ నిర్వచనం నుంచి తీసివేశాయి. మీరేమో మూడు రాత్రుల ఉత్సవానికి డబ్బు అడిగి, ‘వేదిక నిండా మీ కంపెనీ ఫ్లెక్సీలు కట్టిస్తాము’ అని ఊరించారు. ఆశ చూపించామని మీరు అనుకున్న వాక్యమే, ఆ కాగితాన్ని పక్కన పెట్టడానికి వాళ్ల అకౌంట్ల విభాగానికి కారణం చూపించింది. పైగా సీఎస్ఆర్ కేటాయింపులు చాలాచోట్ల ఆర్థిక సంవత్సరం మొదట్లోనే తేలిపోతాయి. జనవరి నెలాఖరు ఉత్తరం పంక్తి లేచాక వచ్చిన చుట్టం లాంటిది.

అదే కంపెనీని మరో విధంగా అడగవచ్చు. మీ సమాజంలో హార్మోనియం వాయించగలిగినవారు ఇద్దరే మిగిలారని, ఇద్దరికీ డెబ్బై దాటాయని రాశారు. ఊళ్లోని ఇరవై మంది పిల్లలకు ఏడాది పొడవునా పద్యం, రాగం, హార్మోనియం నేర్పే శిక్షణకు నెలవారీ ఖర్చుతో, హాజరు లెక్కతో ప్రతిపాదన తయారు చేయండి. అది ప్రాజెక్టు అవుతుంది. ఉత్సవం ఆ పిల్లలు ఆడి చూపించే రోజు అవుతుంది. అయితే మీ సమాజం రిజిస్టరై, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జి గుర్తింపులు పొంది, మూడేళ్లు ఇటువంటి పని చేసిన చరిత్ర చూపించగలగాలి. కార్పొరేట్ వ్యవహారాల శాఖకు సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసి నంబరు తెచ్చుకోవాలి. కంపెనీలు తమ కార్యస్థలం చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతుంది కాబట్టి, హైదరాబాదు చిరునామాలు వెతకడం కన్నా మీ తాలూకాలో ఫ్యాక్టరీయో, ప్లాంటో ఉన్న కంపెనీలు ఏవో చూడండి. ఏ కంపెనీ ఏ పనికి ఎంత ఇచ్చిందో దాని వార్షిక నివేదికలోనే ఉంటుంది.

ఇక గ్రానైటు వ్యాపారులు, బంగారు దుకాణాలవారి దగ్గర ఉన్నవి రెండు జేబులు. ఒకటి చందా. ఇది ప్రతిఫలం కోరని డబ్బు. 80జి ఉంటే ఇచ్చినవారికి పన్ను మినహాయింపు రావచ్చు, కానీ 2,000 రూపాయలు దాటిన నగదు చందాకు అది వర్తించదు, కొత్త పన్ను విధానంలో ఉన్న వ్యక్తులకు అసలే లేదు. రెండోది ప్రకటన ఖర్చు. దీన్ని వ్యాపారి తన వ్యాపార ఖర్చుగా పూర్తిగా రాసుకోవచ్చు. అందువల్ల చాలామందికి చందా కన్నా ఇదే తేలిక. కానీ ప్రకటన ఇచ్చేవాడు ఎంతమంది చూస్తారని అడుగుతాడు. ‘వేలాది ప్రేక్షకులు’ అని రాయకండి. ఎన్ని కుర్చీలు వేశారు, అవి ఏ గంట వరకు నిండి ఉన్నాయి, ఎన్ని ఊళ్ల నుంచి ట్రాక్టర్లు వచ్చాయి, ఇవి రాయండి. స్పాన్సర్‌షిప్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అది ఎవరు కట్టాలన్నది ఆడిటరును అడిగి ముందే ఒప్పందంలో రాసుకోవాలి.

పేరు అమ్ముకోవడం కళకు చిన్నతనమని మీ సభ్యులు కొందరు అంటున్నారట. శ్రీనాథుడు తన హరవిలాస కావ్యాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి రాజు కాదు. కొండవీటి రాజు కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సరఫరా చేసిన వర్తకుడు. ఆయన ఏయే దేశాల నుంచి ఏయే సరుకులు తెప్పించేవాడో కూడా కావ్యంలో ఉంది. అయితే ఎక్కడ ఉందో చూడండి. అంకితం పుచ్చుకున్న కృతిభర్త వైభవానికి అవతారిక, అంటే పీఠిక ఉంది, ఆశ్వాసాల (అధ్యాయాల) మొదట్లో, చివర్లో ఆయన్ను సంబోధించే పద్యాలు ఉన్నాయి. కథ మధ్యలో శివుణ్ణి ఆపి సెట్టిగారికి శాలువా కప్పలేదు.

శాలువా మాట ఎత్తాను కాబట్టి నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను ఒక నాటక పరిషత్తుకు కోశాధికారిగా ఉన్న రోజుల్లో, ఓ రాత్రి రాయబారం సీను నడుస్తోంది. కృష్ణుడి వేషధారి పద్యం ఎత్తుకుని రాగంలోకి దిగాడు, జనం చప్పుడు చేయడం లేదు. ఖర్చులో ముప్పాతిక భరించిన వ్యాపారి అప్పుడే కారు దిగారు. చీటీ రాసి వేదిక మీదికి పంపింది నేనే. వ్యాఖ్యాత మైకు అందుకున్నాడు. శాలువా, జ్ఞాపిక, ఫొటోలు, ఆపైన పావుగంట ప్రసంగం. చెమటకు జారుతున్న కిరీటాన్ని ఒక చేత్తో పట్టుకుని కృష్ణుడు దుర్యోధనుడి సింహాసనం పక్కన నిలబడి ఉన్నాడు. హార్మోనిస్టు తిత్తి మూసి, జేబులోంచి వక్కపలుకు తీసి నోట్లో వేసుకున్నాడు. సీను మళ్లీ మొదలయ్యేసరికి ముందు వరుసల్లోని పెద్దవాళ్లు సగం మంది దుప్పట్లు దులుపుకుని వెళ్లిపోయారు. మరుసటి ఏడు ఆ వ్యాపారీ డబ్బు ఇవ్వలేదు. జనం లేచిపోయే చోట తన బోర్డు ఎందుకని అడిగారు. ఆయన అడిగినదానిలో తప్పు లేదు.

అప్పటి నుంచి ప్రతి ఒప్పందంలోనూ ఒక వాక్యం రాయిస్తున్నాను. స్పాన్సరు పేరు తెర లేవక ముందు, రెండు అంకాల మధ్య, తెర పడిన తరువాత మాత్రమే చదవబడుతుంది. ఫ్లెక్సీలు ప్రేక్షకుల దారిలో ఉంటాయి, వెనక తెర మీద ఉండవు. ఇప్పటివరకు ఈ షరతు చూసి వెనక్కి తగ్గినవారు ఒక్కరే.

ప్రశ్న: మా నాటక పోటీల ఖర్చు మొత్తం తానే పెట్టుకుంటానని ఒక పొగాకు వ్యాపారి ముందుకొచ్చారు. సభ్యులు రెండుగా చీలిపోయారు. తీసుకోవచ్చా? – కందుకూరు పాఠకుడు

జవాబు: చట్టం మాట ముందు చూద్దాం. సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల మీద 2003లో వచ్చిన చట్టంలోని 5వ సెక్షను, స్పాన్సర్‌షిప్‌కు గానీ, కానుకకు గానీ, బహుమతికి గానీ, ఉపకారవేతనానికి గానీ బదులుగా పొగాకు ఉత్పత్తినో, దాని బ్రాండు పేరునో ప్రచారం చేయడాన్ని నిషేధిస్తుంది. కాబట్టి సిగరెట్టు, బీడీ, ఖైనీ, గుట్కా, వీటిలో దేని బ్రాండు పేరైనా మీ కరపత్రం మీద ఉండటానికి వీల్లేదు. మీ ప్రథమ బహుమతికి ఆ పేరు పెట్టినా తప్పే.

ఆపైన మిగిలేది మీ మనస్సాక్షికి సంబంధించిన ప్రశ్న, మన ప్రాంతంలో అది అంత సులువైనది కాదు. పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, వేలం కేంద్రాలు ఉన్న ఊళ్లో పొగాకు డబ్బు తగలని చందా పుస్తకం ఉండదు. ఆకు పండించిన రైతు ఇచ్చే నూటపదహార్లు పుచ్చుకుని, ఆ ఆకు కొన్న వ్యాపారిని గుమ్మంలో నిలబెట్టడం నాకు సబబుగా తోచదు. కోల్‌కతాలో 1977లో వెలిసిన సంగీత పరిశోధన అకాడమీని పోషిస్తున్నది సిగరెట్ల వ్యాపారంతో పెరిగిన ఐటీసీ కంపెనీ. అక్కడి గురువులు ఉద్దండులు, వారి దగ్గర తయారైన హిందూస్థానీ గాయకులు దేశమంతటా ఉన్నారు. ఆ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న ఉంది, ఆ సంగీతమూ ఉంది. రెండింటిలో ఒకటి లేదనడం నిజాయితీ కాదు.

నాకు అభ్యంతరం ‘మొత్తం’ అన్న మాట మీద. లండన్‌లోని టేట్ చిత్రకళా సంస్థకు బీపీ చమురు కంపెనీ 26 ఏళ్లు స్పాన్సరుగా ఉండి, నిరసనల నడుమ 2017లో తప్పుకుంది. 1990 నుంచి 2006 వరకు ఆ కంపెనీ ఇచ్చింది ఏటా లక్షన్నర నుంచి 3 లక్షల 30 వేల పౌండ్లేనని 2015లో బయటపడింది. అదైనా ఉద్యమకారులు పోరాడితే, ట్రైబ్యునల్ ఆదేశిస్తే బయటికొచ్చిన లెక్క. అంత పెద్ద సంస్థకు అది స్వల్పమే. దాన్ని వదులుకుని కూడా టేట్ నిలబడింది. ఒక్కరి డబ్బు మీదే నడిచే పోటీలు అట్లా నిలబడలేవు. మీ వ్యాపారి దగ్గర మూడో వంతుకు మించకుండా, ఆయన సొంత పేరు మీదే, రసీదు ఇచ్చి తీసుకోండి. ఎవరు ఎంత ఇచ్చారో ఆఖరి రోజున వేదిక దగ్గర బోర్డు మీద రాసి పెట్టండి. న్యాయనిర్ణేతల ఎంపికలో దాతల మాట చెల్లదని ఇప్పుడే తీర్మానం చేసుకోండి. తిక్కన నిర్వచనోత్తర రామాయణాన్ని తన రాజు మనుమసిద్ధికి అంకితమిచ్చి, భారతాన్ని మాత్రం దేవుడైన హరిహరనాథుడికే ఇచ్చాడు. పోటీల ఫలితాలు మీకు భారతం అనుకోండి.

ప్రశ్న: ఒక కంపెనీ తన అతిథులకు ఇవ్వడానికి మా దగ్గర ఐదు వందల కొయ్య గరిటెల సెట్లు కావాలంటోంది. ప్రతి గరిటె కాడ మీద వాళ్ల గుర్తు చెక్కమంటున్నారు. ‘ఇది మీ కళకు మా స్పాన్సర్‌షిప్’ అని మామూలు ధరలో మూడో వంతు తగ్గించమంటున్నారు. – ఉదయగిరి నుంచి ఒక మహిళా బృందం

జవాబు: అది స్పాన్సర్‌షిప్ కాదమ్మా, కొనుగోలు ఆర్డరు. తగ్గింపు అడిగారంటే స్పాన్సరు మీరు, పుచ్చుకునేది వాళ్లు. నర్ది, బిక్కి వంటి కొయ్య తెచ్చి, ఆరబెట్టి, చెక్కి, నునుపు చేసేదాకా పట్టే కూలీ దినాలు లెక్కగట్టి ధర చెప్పండి. గుర్తు చెక్కడానికి అదనంగా తీసుకోండి. సగం సొమ్ము ముందుగా అడగండి. ఉదయగిరి కొయ్య గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి, కంపెనీ గుర్తు ఒక్కటే కాకుండా పెట్టె మీద ఉదయగిరి పేరు, మీ బృందం పేరు అచ్చు వేయించాలని షరతు పెట్టండి. వాళ్లకు నిజంగా సహాయం చేయాలని ఉంటే, కొత్తవారికి చెక్కడం నేర్పించడానికి వేరే పద్దు కింద ఇవ్వవచ్చు. ఏడో షెడ్యూలులో హస్తకళలు కూడా ఉన్నాయి.

ప్రశ్న: నేను వయొలిన్ విద్వాంసురాలిని. ఇటీవల ఒక ఉత్సవంలో స్పాన్సర్ల బోర్డులు పద్నాలుగు లెక్కపెట్టాను. కచేరీ అయ్యాక నాకూ, మృదంగం వాయించినాయనకూ శాలువాలు కప్పి, స్పాన్సర్లు ఇచ్చింది వేదికకు, భోజనాలకే సరిపోయిందన్నారు. ఏమనాలో తోచలేదు. – నెల్లూరు

జవాబు: అప్పటికి అనవలసిన సమయం దాటిపోయింది. ఈసారి పిలిచినప్పుడు ఫోనులోనే పారితోషికం ఎంత, ఎప్పుడు ఇస్తారని అడగండి, ఆ మాటను సందేశంగా రాసి పంపమనండి. పక్కవాద్యాలవారి మొత్తం కూడా అందులోనే ఉండాలి. పన్ను భయం చెప్పి తప్పించుకునేవారు ఉంటారు. శాస్త్రీయ, జానపద సంగీత నృత్య నాటక ప్రదర్శనలకు కళాకారుడు తీసుకునే పారితోషికం లక్షన్నర రూపాయలు దాటకపోతే దాని మీద జీఎస్టీ లేదు.

నిర్వాహకులు ఎవరైనా ఇది చదువుతుంటే వారికొక మాట. బడ్జెట్టు కాగితంలో కళాకారుల పారితోషికాన్ని మొదటి వరుసలో రాసి, దానికెదురుగా ఏ స్పాన్సరు డబ్బు వస్తుందో పేరు పెట్టండి. షామియానా వాడికి, వంటవాడికి బయానా ఇవ్వకుండా పని మొదలు కాదని మీకు తెలుసు. కళాకారులకూ ఆ బయానాయే ఇవ్వండి. సరిపోకపోతే వంటకాల్లో రెండు తగ్గించండి.